పిలుపు అందలేదు

ఆ ఆదివారం పొద్దున నిఖత్ చెయ్యవలసిన పని ఒక్కటే. కోరుట్లలోని తమ టెంట్ హౌస్‌లో కూర్చుని కంప్యూటర్ మీద ఒక బటన్ నొక్కాలి. నొక్కగానే జగిత్యాల గోదాంలో చీటీ అచ్చవుతుంది. ఆ చీటీ చూసి గోదాం మనిషి బాలయ్య రెండు వందల కుర్చీలు బండికెక్కిస్తాడు. బండి వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరి, కనకయ్య అనే ఆసామి కొత్తగా కట్టిన మరమగ్గాల షెడ్డు ముందు ఆగుతుంది. ఈలోగా నిఖత్ ఇంటికి పోయి, వాళ్ళమ్మ తాహెరాబీ చేసిన ఖిచిడీ, ఖీమా తిని మళ్ళీ పడుకుంటుంది. ఇందులో చిక్కుపడడానికి ఏముందో ఎవరికీ తోచదు.

ఆ బటన్ వెనక మాత్రం రెండు నెలల కష్టం ఉంది. నిఖత్ తండ్రి హబీబుద్దీన్ పన్నెండేళ్ళు దుబాయ్‌లో పనిచేసి వచ్చి ఈ టెంట్ హౌస్ పెట్టాడు. శామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అన్నీ జగిత్యాల గోదాంలో ఉంటాయి. ఆయన మాత్రం కోరుట్లలో కూర్చుని ఫోన్ మీద వ్యాపారం నడిపేవాడు. పొద్దున "రెండు వందల కుర్చీలు" అనేవాడు, చాయ్ తాగినాక "కాదు, మూడు వందలు" అనేవాడు, సాయంత్రం "మూడు వందలని నేనెప్పుడన్న?" అనేవాడు. పోయిన ఎండాకాలం పెళ్ళికి పోవాల్సిన రంగురంగుల లైట్లు పెగడపల్లిలో దినాలు చేసే ఇంటికి పోయి, అక్కడ రాత్రంతా ఎరుపూ పచ్చా మినుకుమినుకుమన్నాయి.

ఆ లైట్ల కథ విన్న రోజే నిఖత్ ఒక నిర్ణయానికి వచ్చింది. ఆమె జగిత్యాలలో ఇంజనీరింగ్ చదివి, ఇంట్లో కూర్చునే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తోంది. ఒక కంప్యూటర్ దూరాన ఉన్న ఇంకో కంప్యూటర్‌కు పని పురమాయించే పద్ధతులు లోకంలో చాలానే ఉన్నాయి. ఒక్కొక్కదాని నియమాలు చదవాలంటే ఒక వర్షాకాలం పడుతుంది. మనకంత ఎందుకని ఆమె సొంతంగా చిన్న పద్ధతి రాసుకుంది. మామూలు వెబ్ పేజీని ఎట్లా అడుగుతామో అట్లాగే షాపు కంప్యూటర్ గోదాం కంప్యూటర్‌ను అడుగుతుంది: పని పేరు, వస్తువు పేరు, ఎన్ని. గోదాం కంప్యూటర్ ఆ పని చేసి "సరే" అంటుంది. పది సెకన్లలో "సరే" రాకపోతే షాపు కంప్యూటర్ మళ్ళీ పిలుస్తుంది. మూడుసార్లు పిలిచినా జవాబు రాకపోతే తెర మీద ఎర్రటి అక్షరాలతో "పిలుపు అందలేదు" అని చూపిస్తుంది. ఈ పద్ధతికి ఆమె పిలుపు అనే పేరే పెట్టింది.

పిలుపుకు తెలిసిన పనులు రెండే. ఒకటి "పంపు". రెండోది "ఎన్నున్నయ్". "వద్దు" అనే మూడో పని కూడా పెడదామనుకుంది కాని హబీబుద్దీన్ ఒప్పుకోలేదు.

"మన దగ్గర మాల్ ఒద్దనేటోళ్ళు ఎవరున్నరు బేటా? అపశకునం మాట దేనికి?" అన్నాడు.

ఇక మిగిలింది బాలయ్య. పాతికేళ్ళుగా నమ్మకంగా ఉన్న మనిషి. చెబితే చెప్పినట్టు చేస్తాడు, చెప్పనిది చెయ్యడు. నిఖత్ ఆయనను గోదాంలో కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది. ఇకమీదట ఫోన్ ఆర్డర్లు బంద్. చీటీ వస్తేనే మాల్ కదలాలి. సేటు ఫోన్ చేసినా వినొద్దు, చివరికి తాను ఫోన్ చేసినా వినొద్దు. గురువారం నాడు పరీక్షించడానికి ఫోన్ చేసి, "బాలయ్య తాతా, అర్జెంటుగ యాభై కుర్చీలు పంపు" అంది. బాలయ్య ఒక్క క్షణం ఆలోచించి, "చీటీ పంపు బిడ్డా" అన్నాడు. నిఖత్ సంబరపడి అరకిలో మిఠాయి పంపింది. ఆ మిఠాయి డబ్బా బాలయ్య చాయ్ హోటల్లో అందరికీ చూపించాడట.

ఇదంతా ఎందుకంటే, వచ్చే వారం హబీబుద్దీన్, తాహెరాబీ ఉమ్రా యాత్రకు మక్కా పోతున్నారు. మూడు వారాలు షాపు ఎవరు చూడాలన్నది ఇంట్లో పెద్ద ప్రశ్న. హబీబుద్దీన్ మనసు మేనల్లుడు అఫ్రోజ్ వైపు ఉంది. అఫ్రోజ్‌కు చదువు అంతంతమాత్రమే అయినా గొంతు పెద్దది. టెంట్ హౌస్ వ్యాపారంలో గొంతు ఉంటే చాలని హబీబుద్దీన్ నమ్మకం. నిఖత్ నెల రోజులు పోరి ఒక్క అవకాశం సంపాదించుకుంది. కనకయ్య కొత్త షెడ్డు ప్రారంభం ఫంక్షన్ ఒక్కటి ఫోన్ ముట్టకుండా చేసి చూపిస్తే తాళాలు ఆమెకు. లేకపోతే అఫ్రోజ్‌కు.

అందుకే ఆ ఉదయం ఏడున్నరకే హబీబుద్దీన్ ఇస్త్రీ లాల్చీ వేసుకుని, అత్తరు రాసుకుని, కంప్యూటర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నిఖత్ "బిస్మిల్లా" అని బటన్ నొక్కింది.

తెర మీద "పిలుస్తున్నా" అని వచ్చింది. పది సెకన్లు గడిచాయి. "మళ్ళీ పిలుస్తున్నా" అని వచ్చింది. ఇంకో పది సెకన్లు. "మళ్ళీ పిలుస్తున్నా." చివరికి ఎర్రటి అక్షరాలు: "పిలుపు అందలేదు."

"అఫ్రోజ్ గొంతు అయితే అందుతుండె," అన్నాడు హబీబుద్దీన్.

"నెట్ ప్రాబ్లం అబ్బూ. నిన్న మంచిగనే పనిచేసింది. వైరు చూసొస్త, మీరు ఏం ముట్టకుండ్రి." నిఖత్ చెప్పులు వేసుకుని బయటికి పోయింది.

స్తంభం దగ్గర వైరు బాగానే ఉంది. ఆమె తిరిగొచ్చేసరికి హబీబుద్దీన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని అమాయకంగా కూర్చున్నాడు. తెర మీద ఎర్ర అక్షరాలు అట్లాగే ఉన్నాయి.

"ఏమన్న నొక్కిన్రా?"

"నొక్కితే ఏమైతది? ఎట్లైన అందుతలేదు గద. ఒక్కసారి నొక్కిన. మళ్ళ గదే అన్నది."

నిఖత్‌కు అనుమానం వచ్చింది. రెండో పనిని పిలిచి చూద్దామని "ఎన్నున్నయ్, కుర్చీలు" అని అడిగింది. ఠక్కున జవాబొచ్చింది.

"కుర్చీలు -400."

హబీబుద్దీన్ కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. "చూసినవా, నాలుగు వందలున్నయ్. ముందట గీత దేనికి?"

నిఖత్ వేళ్ళ మీద లెక్క వేసింది. గోదాంలో ఉండేవి ఎనిమిది వందల కుర్చీలు. ఉన్నవన్నీ పోయి, మరో నాలుగు వందలు బాకీ పడ్డాయంటే, మొత్తం పన్నెండు వందలు పంపమని చీటీలు పోయాయన్న మాట. ఆమె నొక్కితే మూడుసార్లు, తండ్రి నొక్కితే మూడుసార్లు. పిలుపు అందకపోవడం కాదు, ఆరుసార్లు అందింది. అందనిది ఇవతలికి రావాల్సిన "సరే" ఒక్కటే.

"అబ్బూ, ఫోన్!"

బాలయ్య రెండో రింగుకే ఎత్తాడు. వెనక నుంచి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"బాలయ్య తాతా, నేను నిఖత్‌ను. ఆపుండ్రి! రెండు వందలే పంపాలె. మిగిలిన చీటీలన్ని తప్పు."

బాలయ్య నవ్వాడు. అన్నీ తెలిసిన మనిషి నవ్వు. "చీటీ పంపు బిడ్డా."

"ఇది పరీక్ష కాదు తాతా, ఒట్టు!"

"మొన్న గూడ గట్లనే అర్జెంటన్నవు. ఇయ్యాల పొద్దుగాలనే ఎవలో ఆడమనిషి ఫోన్ జేసి, వెయ్యి కుర్చీలు గావాలె, నీ కాల్మొక్కుత అన్నది. నువ్వే గొంతు మార్చినవనుకొని నవ్వుకున్న. నేను పడుదునా?"

హబీబుద్దీన్ ఫోన్ లాక్కున్నాడు. "బాలయ్యా, నేను హబీబ్ సేటును. నా గొంతు గుర్తు పట్టలేవా?"

"గొంతు అచ్చం సేటు లెక్కనే ఉన్నది," ఒప్పుకున్నాడు బాలయ్య. "గని చీటీ ముందట సేటు గూడ చిన్నోడే అని బిడ్డ చెప్పింది. నాకు పనున్నది, నాలుగు వందలు తక్కువ పడ్డయ్. పక్క టెంట్ హౌసోళ్ళను అడుగుతున్న. మీ పేరు చెప్తే ఎవ్వలియ్యరు సేటూ?" అని పెట్టేశాడు.

బాలయ్యకు కావలసింది చీటీ. ఆపమనే చీటీ పంపుదామంటే "వద్దు" అనే పని లేదు. వస్తువు పేరు జాబితాలోంచే ఎంచుకోవాలి. మిగిలింది అంకె ఒక్కటే. అంకెల గడిలో ఏం రాసినా ఒప్పుకుంటుంది. నిఖత్‌కు మెరుపులా ఆలోచన వచ్చింది. ఎక్కువైనవి వెయ్యి. కాబట్టి "పంపు, కుర్చీలు, -1000" అని కొట్టి నొక్కింది.

"పిలుస్తున్నా. మళ్ళీ పిలుస్తున్నా. మళ్ళీ పిలుస్తున్నా. పిలుపు అందలేదు."

నాలుక్కరుచుకుంది కాని అప్పటికే అయిపోయింది. "ఎన్నున్నయ్" అని అడిగింది. కుర్చీలు 2600 ఉన్నాయని కంప్యూటర్ నింపాదిగా చెప్పింది. అంటే మూడు వేలు వెనక్కి వచ్చాయని దాని లెక్క. నిఖత్ కొంచెం ఊపిరి పీల్చుకుంది. లెక్క ఎక్కువైతే అయింది, వెనక్కే కదా. మైనస్ చూడగానే బాలయ్య బండ్లు ఆపేస్తాడు.

"ఇప్పుడు మంచిగైందా?" అడిగాడు హబీబుద్దీన్.

"అయింది అబ్బూ."

ఇద్దరూ ఇంటికి పోయి ఖిచిడీ ముందు కూర్చున్నారు. నిఖత్ రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా తండ్రి ఫోన్ మోగింది. మల్యాలలో టెంట్ హౌస్ నడిపే పోశం.

"హబీబ్ భాయ్, సలాం. మీ బాలయ్య ఫోన్ జేసిండు. ఎన్ని కుర్చీలుంటే అన్ని పంపుమంటున్నడు, ఇంక మూడు వేలు తక్కువున్నయట. ఏంది భాయ్, సిరిసిల్లకు మంత్రి అత్తున్నడా? మాకొక్క మాట చెప్పకపోతివి!"

హబీబుద్దీన్ చేతిలోని ముద్ద పళ్ళెంలోకి జారింది. తాహెరాబీ గరిటె పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఫోన్ ముట్టకుండ చేసే పని గిట్లనే ఉంటదా?" అంది. తండ్రీకూతుళ్ళు చేతులు కడుక్కున్నారు. పాత వ్యాన్ తీసుకుని జగిత్యాల దారి పట్టారు.

గోదాం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఒక్క కుర్చీ లేదు. బాలయ్య కూర్చునే చెక్క స్టూలు కూడా లేదు. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. గోడకున్న మేకుకు తొమ్మిది చీటీలు గుచ్చి ఉన్నాయి, ఒక్కొక్కదాని మీద బాలయ్య చేసిన టిక్కు. ప్రతి చీటీ నెత్తిన రెండు సింహాలు మోస్తున్న పెళ్ళికుర్చీ బొమ్మ.

ఆ బొమ్మ చూడగానే నిఖత్‌కు అంతా తెలిసిపోయింది. నిన్న సాయంత్రం హబీబుద్దీన్, చీటీ బోసిగా ఉంది, మన షాపు గుర్తు ఉండొద్దా అన్నాడు. ఒక్క బొమ్మే కదా అని ఆమె పెట్టేసింది, మళ్ళీ పరీక్షించలేదు. ఇప్పుడు ప్రింటర్ ముందు నిలబడి, పరీక్షకు ఒక ఉత్తుత్తి చీటీ అచ్చు వేసి చూసింది. ఆ పాత ప్రింటర్ కిర్రుకిర్రుమంటూ మొదట ఒక సింహం చెవి గీసింది. తర్వాత ఇంకో సింహం చెవి గీసింది. జూలు దగ్గర కాసేపు ఆలోచించింది. మొత్తం చీటీ బయటికి రావడానికి పధ్నాలుగు సెకన్లు పట్టింది. చీటీ పూర్తయ్యాకే "సరే" అనమని ఆమే రాసింది. పది సెకన్లకే మళ్ళీ పిలవమని రాసిందీ ఆమే.

హబీబుద్దీన్ చివరి మూడు చీటీలు మేకు నుంచి తీసి వెలుతురులో పెట్టుకుని చదివాడు. "పంపు: కుర్చీలు - 1000."

"ఇది మైనస్ అబ్బూ," అంది నిఖత్ నీరసంగా.

"గీత," అన్నాడు హబీబుద్దీన్. "నేను చూసినా గీతే." చీటీని ఇంకా దగ్గరగా పట్టుకుని చూసి, "బొమ్మ మాత్రం మంచిగ పడ్డది," అన్నాడు.

పక్కనున్న చాయ్ హోటల్ ఆయన చెప్పిన ప్రకారం, బాలయ్య ఆఖరి బండెక్కి తనే సిరిసిల్ల పోయాడు. ఫోన్ చేస్తే ఎత్తాడు కాని, నిఖత్ నోరు తెరవకముందే "చీటీ" అన్నాడు.

వ్యాన్ సిరిసిల్ల వైపు మళ్ళింది. కొడిమ్యాల దాటగానే ముందు ఒక డీసీఎం లారీ కనిపించింది, నిండా తెల్ల కుర్చీలు. దాన్ని దాటితే ఇంకొకటి, ఎర్ర కుర్చీలు. ఒక ట్రాక్టర్ మీద నీలం కుర్చీలు గుడి గోపురంలా పేర్చి ఉన్నాయి. ప్రతి కుర్చీ వీపు మీదా ఎవరో ఒకరి టెంట్ హౌస్ పేరు. హబీబుద్దీన్ ఒక్కొక్క పేరూ పైకి చదివి, చదివిన ప్రతిసారీ "యా అల్లా" అన్నాడు. వేములవాడ వచ్చేసరికి చదవడం మానేశాడు.

"తప్పు నాదే అబ్బూ," అంది నిఖత్. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "జవాబు రాకుంటే మాట చేరలేదనుకున్న. మాట చేరి జవాబు రాకపోవచ్చు గద, అది ఆలోచించలె. తాళాలు అఫ్రోజ్‌కే ఇయ్యుండ్రి."

"రెండోసారి నొక్కింది నేనే గద," అన్నాడు హబీబుద్దీన్, కిటికీలోంచి బయటికి చూస్తూ. "సింహాలు గూడ నావే."

సిరిసిల్లలో కనకయ్య వీధి మొదట్లోనే వ్యాన్ ఆపాల్సి వచ్చింది. ముందుకు దారి లేదు. ఎప్పుడూ మరమగ్గాల చప్పుడుతో అదిరిపోయే ఆ వీధి ఆ రోజు మగ్గాలు బంద్ పెట్టి ఊరుకుంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కుర్చీలే. షెడ్డు లోపల, ముంగిట, పక్కింటి అరుగు మీద, ఎదురింటి డాబా మీద కూడా కుర్చీలు. కనకయ్యతో ఏం చెప్పాలో నిఖత్ దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. ఎందుకంటే ఆ కుర్చీల్లో ఒక్కటి కూడా ఖాళీగా లేదు. ప్రతిదాంట్లోనూ ఎవరో ఒకరు కూర్చుని ఉన్నారు. చేతిలో విస్తరాకు పట్టుకుని తింటున్నారు, లేదా తినబోతున్నారు.

జనంలోంచి కనకయ్య వీళ్ళను చూశాడు. పట్టు పంచె ఎగ్గట్టుకుని ఉరికొచ్చి హబీబుద్దీన్ రెండు భుజాలూ పట్టుకున్నాడు. హబీబుద్దీన్ కళ్ళు మూసుకున్నాడు.

"హబీబ్ భాయ్! నేను నీకు ఎన్ని చెప్పిన? రెండు వందలే గద చెప్పిన?"

"అవును కనకయ్యా, నేను చెప్పేది..."

"మరి నీకెట్ల ఎరుకైంది?"

హబీబుద్దీన్ ఒక కన్ను తెరిచాడు.

సమాధానం కనకయ్య భార్య మల్లవ్వ చెప్పింది. చెంబులో మజ్జిగ పట్టుకుని వచ్చి, ముందు నిఖత్ చేతికిచ్చి, తర్వాత భర్త మీద పడింది.

"ఈయన ఇంటికొక్కలు రాండ్రని పిలిచిండు సేటూ. ఇన్నేండ్లకు షెడ్డు కట్టుకున్నం, ఇంటికొక్కలేంది, తలకాయ తీసినట్టుండదా? నేను ఎనక పోయి అందరిండ్లల్ల ఇంటిల్లిపాది రావాలె అని చెప్పొచ్చిన. గొర్లు గూడ నేనే ఎక్కువ కోపిచ్చిన, ఈయనకు తెల్వకుంట. అన్నీ యాదికున్నయ్, కుర్చీలే మర్సిన! పొద్దుగాల లేసి యాదికొచ్చి గుండె పగిలింది. మీ గోదాంకు ఫోన్ జేస్తే గా ముసలాయన చీటీ లేకుంటే ఇయ్యనన్నడు. కాల్మొక్కుత అన్న. నవ్విండు సేటూ, నవ్విండు! ఇగ మా ఇజ్జత్ పోయినట్టే అనుకొని వంటకాడ కూసొని ఏడుస్తున్న. గంతల్నే ఒక బండచ్చింది. ఎనక ఇంకొకటి. లెక్కపెట్టుడు ఇడిసిపెట్టిన."

నిఖత్ మజ్జిగ తాగబోయి ఆగింది. ఇక దాచడం భావ్యం కాదనిపించింది. "అత్తమ్మా, అసలు ఏమైందంటే, ప్రోగ్రాంల తప్పుండె..."

ఆమె కాలి మీద తండ్రి చెప్పు బలంగా పడింది.

"మా బిడ్డ ప్రోగ్రాం," అన్నాడు హబీబుద్దీన్. అంతసేపూ లోపలికి పోయి ఉన్న గొంతు ఒక్కసారిగా బయటికి వచ్చింది. "కస్టమర్ నోటితోని చెప్పిందే గాదు, మనసుల ఉన్నది గూడ ఇంటది."

చుట్టూ కూర్చున్నవాళ్ళు తినడం ఆపి నిఖత్ వైపు చూశారు. ఒకాయన తన కూతురు పెళ్ళి మాఘమాసంలో ఉందనీ, మనసులో మాట ఇప్పుడే చెప్పొచ్చా లేక అప్పుడే తెలుసుకుంటారా అనీ అడిగాడు.

అంతలో జనాన్ని తోసుకుంటూ బాలయ్య వచ్చాడు. ఒళ్ళంతా చెమట. చేతిలో కాగితం. సేటును చూడగానే తల దించుకున్నాడు.

"సేటూ, మాఫ్ జెయ్యాలె. నాతోని గాలె. మనయి ఎనిమిది వందలు, అడిగి తెచ్చినయి ఏడు వందలు, గన్ని గలిపితే పదిహేను వందలే అయినయ్. చీటీల లెక్క నాలుగు వేల రెండు వందలు. ఇంకా రెండు వేల ఏడు వందలు తక్కువున్నయ్. కరీంనగర్ దిక్కు అడుగుదామంటే బండ్లు దొరుకుతలేవు." చేతిలోని కాగితం సేటు ముందు పెట్టాడు. "పాతికేండ్లల్ల మాల్ తక్కువ పంపుడు ఇదే మొదటిసారి."

హబీబుద్దీన్ ఆయనను కౌగిలించుకున్నాడు. మాఫ్ చేసినట్టే బాలయ్య అనుకున్నాడు. ఆయన తేరుకున్నాక మల్లవ్వ దగ్గరకు తీసుకుపోయి నాలుగు గరిటెల మాంసం పెట్టించారు.

తిరుగు దారిలో నిఖత్ ఊరుకోలేకపోయింది. "అబద్ధం చెప్పిన్రు అబ్బూ. మనసుల మాట ఇంటదా? సింహం బొమ్మ లేటైంది, గంతే."

"ఎందుకు లేటైందో నాకు తెల్వది. ఎట్ల ఇన్నదో నాకు తెల్వది," అన్నాడు హబీబుద్దీన్. "ఇన్నదైతే నిజం గద. సిరిసిల్ల మొత్తం చూసింది." లాల్చీ జేబులోంచి తాళాల గుత్తి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "అఫ్రోజ్ ఎంత ఒర్రినా పదిహేను వందల కుర్చీలు రాకపోతుండె."

నిఖత్ తాళాలు తీసుకుంది. తన తప్పుకు బహుమానం దొరకడం ఆమెకు కొంచెం ముల్లులా గుచ్చుకుంది. కాని అఫ్రోజ్‌కు దొరక్కపోవడం ఆ ముల్లును చాలావరకు తీసేసింది.

ఇంటికి రాగానే ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. ముందుగా "సరే" అని, ఆ తర్వాతే చీటీ అచ్చు వెయ్యమని గోదాం కంప్యూటర్‌కు రాయాలి. అది సులువే. కాని "సరే" దారిలో తప్పిపోతే? మళ్ళీ పిలవాలి కదా, మళ్ళీ పిలిస్తే మళ్ళీ కుర్చీలే కదా! దాని దగ్గర ఆగిపోయి తల పట్టుకుంది. చాయ్ తెచ్చిన తాహెరాబీ సంగతేమిటని అడిగింది. నిఖత్ చెప్పింది.

"గింతేనా?" అంది తాహెరాబీ. "మీ అబ్బూ దుబాయ్‌ల ఉన్నప్పుడు చలికాలం రగ్గు కావాలని ఖత్ రాసిన. జవాబు రాలే. పోస్టుల పోయిందేమో అని మళ్ళ రాసిన. మళ్ళ రాసిన. మనిషి మూడు రగ్గులు మోసుకొచ్చిండు. ఒక్కొక్క ఖత్‌కు ఒక్కొక్కటి అనుకున్నడట! అప్పటిసంది ప్రతి ఖత్ మీద నంబరు ఏసిన. అదే మాట మళ్ళ రాస్తే అదే నంబరు. నంబరు చూసి, ఓహో ఇది పాతదే అనుకొని, జవాబు మాత్రం రాసేటోడు."

నిఖత్ తల్లి వైపు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ప్రతి పిలుపుకూ ఒక నంబరు వేసింది. చూసిన నంబరే మళ్ళీ వస్తే గోదాం కంప్యూటర్ చీటీ తియ్యదు, "సరే" అని మాత్రం అంటుంది. "వద్దు" అనే మూడో పని కూడా చేర్చింది. సున్నా కంటే తక్కువ అంకె కొడితే ఒప్పుకోవద్దని రాసింది. "పిలుపు అందలేదు" అన్న ఎర్ర అక్షరాలు చెరిపేసి, ఆ చోట "అందిందో లేదో తెలియదు, అడిగి చూడండి" అని పెట్టింది. సింహాలను మాత్రం తండ్రి తియ్యనివ్వలేదు.

మర్నాడు బాలయ్య అరువు కుర్చీలన్నీ ఎవరివి వాళ్ళకు అప్పజెప్పి వచ్చాడు. జగిత్యాలలో ఆ ఆదివారం ఇంకో మూడు ఫంక్షన్లు ఉన్నాయని అప్పుడే తెలిసింది. తమకు తక్కువ పడితే పక్కవాళ్ళ దగ్గర తెచ్చుకోవచ్చులే అని, టెంట్ హౌస్ వాళ్ళు ఎవరికి వాళ్ళే ఉన్న కుర్చీలన్నీ బాలయ్యకు ఎత్తి ఇచ్చేశారట. ఆ మూడు చోట్లా చుట్టాలంతా పళ్ళేలు చేత పట్టుకుని నిలబడే తిన్నారు. ఫంక్షన్ వాళ్ళు దానికి బఫే అని పేరు పెట్టుకున్నారు.